సందూకులోని తాతముత్తాతలు

మన సొసైటీ వార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు గోలకొండ గురించో, చార్మినార్ గురించో వ్రాద్దామనుకున్నాను. కాని వాటి గురించి నాకంటే ఎంతో బాగా తెలిసినవారు ఇదివరకే వ్రాసి ఉన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, పహాణీలు, ఫైసల్ పట్టీలు తిరగేసి తిరగేసి రిటైరైనవాణ్ణి. అందుచేత నేను స్వయంగా వెతికి తెలుసుకున్న చరిత్ర ఒక్కటే వ్రాస్తున్నాను. అది మా ఇంటి చరిత్ర.

మా వాళ్ల పేర్లు మాత్రం ఇందులో వేయడం లేదు. ఇది మా ఒక్కరి కథ కాదని నా నమ్మకం. చదివేవారు తమ ఇంటి పేర్లు పెట్టుకుని చదువుకోగలరు.

ఖాళీగా మిగిలిన గడి

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లోనే మా ఫుప్పూ నిరుడు చలికాలంలో కాలం చేసింది. 88 ఏళ్ల మనిషి. దఫన్ అయిన మూడో రోజున మరణ ధ్రువపత్రం కోసం ఫారం నింపడానికి కూర్చున్నాం. నేను, మా తమ్ముడు, మా చచ్చా కొడుకులు ఇద్దరు. నలుగురి వయసులు కలిపితే 260 దాటుతుంది. పేరు వ్రాశాం, తండ్రి పేరు వ్రాశాం. ఆ తర్వాతి గడిలో "మరణించినవారి తల్లి పేరు" అని ఉంది.

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఫుప్పూ తల్లి అంటే మా దాదీయే గదా! ఆమె చేతి జొన్నరొట్టె నేను తిన్నాను. ఆమె పాన్‌దాన్ ఇంకా మా అల్మారాలో ఉంది. కాని ఆమె పేరు? మాకు దాదీ. మా అబ్బాకు అమ్మీ. ఊళ్లో హిందువులకు, ముస్లింలకు అందరికీ "బడీ బీ". అంతకుమించి ఒక్కరికీ తెలియదు.

కౌంటరు దగ్గరి అబ్బాయి మంచివాడే. "పెద్దామె గద సార్, ఆ గడి లేకున్నా నడుస్తది" అన్నాడు. నిజమే, నడిచింది. సర్టిఫికెట్ వచ్చింది. కాని ఆ ఖాళీ గడి నన్ను నిద్ర పోనివ్వలేదు. ఫుప్పూ బతికున్నన్ని రోజుల్లో ఎప్పుడైనా "మీ అమ్మ పేరేంది ఫుప్పూ" అని అడిగి ఉంటే అర నిమిషంలో చెప్పేది. అడగలేదు. ఆ అర నిమిషం పనికి తర్వాత నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇది మన ఇళ్లలోనే ఉన్న లోపం అనుకోవద్దు. 1951-52లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు చాలామంది స్త్రీలు జాబితాలో తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని వ్రాయించారు. అలా సొంత పేరు లేని కారణంగా దాదాపు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల నుండి తీసివేయవలసి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలలో జరిగిన ముచ్చట ఇది. మన వైపు మాత్రం ఏం తక్కువ?

సందూకు తెరిచాం

మా దాదా గారి రేకు సందూకు ఒకటి మంచం కింద ఉండేది. ఇల్లు మారినప్పుడల్లా మోసుకొచ్చాం గాని తెరిచింది లేదు. తెరిస్తే అందులో అడుగున మడత పెట్టిన ఒక శజరా, అంటే వంశవృక్షం, కొన్ని రసీదులు, రెండు ఉత్తరాలు, తాళం లేని ఒక గడియారం ఉన్నాయి. శజరాలో ఆరు తరాల పేర్లు ఉన్నాయి. అన్నీ మగవాళ్లవే. కొమ్మ నుండి కొమ్మకు కొడుకులే తప్ప ఒక భార్య లేదు, ఒక బిడ్డ లేదు. ఆ వృక్షాన్ని చూస్తే మా వంశంలో ఆడమనిషి పుట్టనే లేదనుకోవాలి!

అదైనా నేను వెంటనే చదవగలిగానా? లేదు. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. అచ్చు ఉర్దూ మెల్లగా కూడబలుక్కుంటాను. కాని పాతకాలపు గుమాస్తాలు వ్రాసే షికస్తా అనే గొలుసుకట్టు రాత వేరు. అందులో చుక్కలు పెట్టరు, అక్షరాలు విడదీయరు. ఉర్దూ బాగా వచ్చినవారికే తలనొప్పి. నా కొడుక్కు ఉర్దూ మాట్లాడడమే వచ్చు. మనవలకు ఇంగ్లీషు తప్ప మరొకటి అక్కర్లేదు.

ఇది ఎలా జరిగిందో చూడండి. హైదరాబాద్ రాజ్యంలో పాలన మొదట ఫార్సీలో నడిచేది. 1884 ప్రాంతంలో ఆ స్థానం ఉర్దూకు వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగానే మొదలైంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ కాలం ముగిసింది. 1966లో రాష్ట్ర అధికార భాషా చట్టం వచ్చి తెలుగు స్థిరపడింది. ఇందులో తప్పేమీ లేదు. తెలుగు మన భాష, ఈ వ్యాసం కూడా తెలుగులోనే వ్రాస్తున్నాను. కాని తాత వ్రాసిన కాగితం మనవడు చదవలేని పరిస్థితి వచ్చింది. చదవలేని కాగితానికి ఇంట్లో విలువ ఉండదు. ఇల్లు సున్నం వేసేటప్పుడు రద్దీవాడికి తూకానికి పోతుంది.

పోయినవి కూడా తక్కువేమీ కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. మన పెద్దలు దానిని తుగ్యానీ అనేవారు. సుమారు 15 వేల మంది చనిపోయారంటారు. ఇళ్లతో పాటు ఎన్ని ఇళ్ల కాగితాలు పోయాయో! ఇక 1948లో ఊరు విడిచి పట్నం చేరిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా ఇంట్లోనే ఆ రోజుల్లో భయంతో ఒక మూట కాగితాలు పొయ్యిలో వేశారని ఫుప్పూ ఒకసారి చెప్పింది. అప్పుడు కూడా ఏం కాగితాలని మేము అడగలేదు.

ఖాజీ గారి అల్మారా

శజరాలో దాదీ లేదని తేలాక నాకు నిఖా సంగతి గుర్తుకొచ్చింది. ఎంత పేదవాడి పెళ్లయినా ఖాజీ దగ్గర సియాహా వ్రాస్తారు గదా! అందులో పెళ్లికొడుకు పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. అలాగే పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, ఊరు ఉంటాయి. మహర్ ఎంతో, వకీలు ఎవరో, సాక్షులు ఎవరో కూడా ఉంటుంది. ఆడమనిషి పేరు లేకుండా పూర్తికాని కాగితం మన ఇళ్లలో అదొక్కటే.

మాది నల్లగొండ వైపు పల్లె. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు రెండూ ఎల్.బి. నగర్ దగ్గరే కలుస్తాయి. అందుకే ఆ జిల్లాల నుండి బతుకుదెరువుకు వచ్చినవాళ్లం చాలామందిమి ఈ తూర్పు వైపునే ఆగిపోయాం. మన సొసైటీ సభ్యుల్లో సగం మంది ఇలా వచ్చినవారే. ఆ తాలూకా ఖాజీ గారి మనవడు ఇప్పుడు ఆ బాధ్యత చూస్తున్నారు. తాతగారి కాలపు రిజిస్టర్లు ఇనుప అల్మారాలో వేపాకు వేసి దాచారు. ఆయన మేలు మరువలేను. మూడు ఆదివారాలు నాతో పాటు కూర్చుని ఒక్కొక్క పేజీ తిరగేశారు.

మూడో ఆదివారం అసర్ నమాజుకు ముందు మా దాదా పేరు కనబడింది. తేదీ 1345 హిజ్రీ రజబ్, 1336 ఫస్లీ ఇస్ఫందార్ అని రెండు విధాల ఉంది. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, మీకూ పనికొస్తుంది. నిజాం రాజ్యపు ఫస్లీ సంవత్సరం ఆజుర్ నెలతో, అంటే అక్టోబరుతో మొదలవుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుండి సెప్టెంబరు దాకా అయితే 591 కలపాలి. ఇస్ఫందార్ అంటే జనవరి. అంటే మా దాదా, దాదీల నిఖా 1927 జనవరిలో అయింది. హిజ్రీ తేదీ కూడా దానికే సరిపోయింది. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక, హిజ్రీలో వయసు వ్రాసి ఉంటే 33 ఏళ్లకు ఒక ఏడాది తగ్గించి చూసుకోవాలి. ఈ లెక్క తెలియక తండ్రీ కొడుకుల వయసుల్లో తికమక పడేవారు చాలామంది.

దాదా పేరు కింద దాదీ పేరు ఉంది. మంచి పేరు. మా ఇంట్లో ఇప్పటిదాకా ఏ ఆడపిల్లకూ పెట్టని పేరు. ఆమె తండ్రి పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు కూడా ఉన్నాయి. ఆ ఊరు విజయవాడ రోడ్డు పక్కనే ఉంది. నలభై ఏళ్లుగా బస్సులో ఆ స్టేజీ దాటిపోతున్నాను, అది మా దాదీ పుట్టిల్లని తెలియక.

రిసాల్దారా, సాయీసా?

అదే పేజీలో మరో సంగతి ఉంది. మా దాదా తండ్రి పేరు దగ్గర, వీరు మొదట ఆస్మాన్‌గఢ్ నివాసులు అని వ్రాసి ఉంది. ఆస్మాన్‌గఢ్ అంటే ఎక్కడో కాదు, మన మూసారాంబాగ్ దగ్గరి గుట్ట. మా ఇంటి నుండి నడిచి వెళ్లవచ్చు! మేము నల్లగొండ నుండి పట్నానికి కొత్తగా వచ్చామనుకుంటున్నాం. అసలు మా వాళ్లు ఇక్కడి నుండే అక్కడికి వెళ్లారన్నమాట.

మా ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది. "మీ పర్‌దాదా రిసాల్దారు, గుర్రం మీద వచ్చేవాడు" అని. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ మాట తప్పకుండా వచ్చేది. ఆస్మాన్‌గఢ్ పేరు చూడగానే మా చచ్చా కొడుకు సంబరపడ్డాడు. ఎందుకంటే ఆ మహల్ కట్టించిన సర్ ఆస్మాన్ జా పాయిగా అమీరు. 1887 నుండి కొన్నేళ్లు నిజాం ప్రభుత్వానికి ప్రధానిగా ఉన్నవారు. పాయిగాలంటే నిజాం కొరకు గుర్రపు దళాలను పోషించే ఉన్నత కుటుంబాలు. ఆ ఖర్చుకు వారికి జాగీర్లు ఉండేవి. "చూశారా భాయ్‌సాబ్, రిసాలా ఉన్నది, రిసాల్దారు ఉన్నాడు" అన్నాడు.

నేను పాత గుమాస్తాను గదా, రెండో కాగితం చూడందే మొదటి కాగితాన్ని నమ్మను. మా దాదా చదివిన బడి ఇంకా ఉంది. అక్కడి పాత అడ్మిషన్ రిజిస్టరు చూడనిచ్చారు. 1320 ఫస్లీ, అంటే 1910-11. తుగ్యానీ తర్వాత రెండేళ్లకు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు సరిపోయాయి. వెనకటి నివాసం ఆస్మాన్‌గఢ్. తండ్రి వృత్తి అనే గడిలో ఒకే ఒక్క మాట ఉంది: సాయీస్.

సాయీసు అంటే గుర్రాల కాపరి. గడ్డి వేసేవాడు, మాలిష్ చేసేవాడు, లద్దె ఎత్తేవాడు. మా పర్‌దాదా రిసాలాలో ఉన్న మాట అబద్ధం కాదు. గుర్రం ఎక్కినవాడు మాత్రం కాదు.

చచ్చా కొడుకు ముఖం మాడిపోయింది. "ఎవరో గుమాస్తా తప్పు వ్రాసి ఉంటాడు. దీన్ని ఇక్కడే వదిలేద్దాం. పిల్లల సంబంధాలు ఉన్నాయి" అన్నాడు. నెల రోజులు మా ఇంటికి రాలేదు. నాకూ మొదట కొంచెం గుండె కలుక్కుమన్న మాట దాచను. అరవై ఏళ్లు రిసాల్దారు ముని మనవడిగా బతికినవాణ్ణి గదా!

తర్వాత ఆలోచించాను. ఆ సాయీసు తుగ్యానీ వచ్చిన రెండేళ్లలో, పరాయి ఊళ్లో, తన కొడుకును బడిలో వేశాడు. ఆ కొడుకు చదివాడు గనుకనే ఆ సందూకు, ఆ శజరా, ఆ ఉత్తరాలు ఉన్నాయి. వాటి వల్లనే నేను గుమాస్తానయ్యాను. రిసాల్దారు మాకు ఏమిచ్చాడు? పెళ్లి చూపుల్లో చెప్పుకోవడానికి ఒక మాట ఇచ్చాడు. సాయీసు చదువు ఇచ్చాడు.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మొగలు కాలపు కాగితాలు వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. అక్కడి అన్నిటికంటే పాత పత్రం 1406 నాటి ఫిరోజ్ షా బహమనీ కాలానిది. షాజహాన్, ఔరంగజేబుల దక్కను కాగితాలలో అర్జ్-ఒ-చెహ్రా అనేవి ఉన్నాయి. అవి రౌతుల గుర్తింపు పత్రాలు. రౌతు పేరు, తండ్రి పేరు, స్వస్థలం, ఒంటి రంగు, కనుబొమ్మలు ఎట్లా ఉన్నాయి, పుట్టుమచ్చ ఎక్కడ, గాయం మచ్చ ఎక్కడ అన్నీ వ్రాసేవారు. గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర కూడా వ్రాసేవారు. తనిఖీ నాడు ఒకరి బదులు ఇంకొకరిని, మంచి గుర్రం బదులు ముసలి గుర్రాన్ని నిలబెట్టి జీతం తీసుకోకుండా ఈ ఏర్పాటు. చూడండి, గుర్రం రంగు ఎక్కింది. ఆ గుర్రానికి గడ్డి వేసినవాడి పేరు ఎక్కించవలసిన అవసరం ఆ కాగితానికి లేదు. మా శజరాలో మా దాదీ సంగతి కూడా ఇంతే.

మనం ఎక్కడివాళ్లం?

మన సొసైటీలో ఒకొక్కరి మూలం ఒకొక్క చోట ఉంది. చాంద్రాయణగుట్ట వైపు బార్కస్‌లో ఉన్న అరబ్బు కుటుంబాలు హజ్రమౌత్ నుండి నిజాం ఫౌజులోకి వచ్చినవారి సంతతి. బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుండి వచ్చింది. ఏ.సి. గార్డ్స్‌లోని సిద్దీలు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వారి బిడ్డలు. ఇంకా ఎంతోమంది ఈ నేల మీద పుట్టి, ఈ నేల మీదే ఇస్లాం స్వీకరించినవారి వారసులు. 2007లో చేసిన చట్టంలో బి.సి.-ఇ కింద 14 ముస్లిం తెగలు ఉన్నాయి. అత్తరు సాయిబులు, ధోబీలు, హజాములు, ఫకీర్లు, ఖురేషీలు, అచ్చుకట్లవాండ్లు, ఇలా. ఆ జాబితా చదివితే మన తాతలు ఏ చేతిపనితో పొట్ట పోసుకున్నారో తెలుస్తుంది. అందులో సిగ్గుపడేది ఏముంది?

బంధుత్వాలు నిలుపుకోవడానికి కావలసినంత వంశ వివరం తెలుసుకోమని హదీసు ఉన్నదని పెద్దలు చెప్పేవారు. గొప్పలు చెప్పుకోవడానికి తెలుసుకోమని ఎవరూ చెప్పలేదు. మా దాదీ పేరు తెలిశాక ఆమె తరఫు బంధువులు రెండిళ్లవారు దొరికారు. ఒకరు సూర్యాపేటలో ఉన్నారు. మరొకరు వనస్థలిపురంలో, మన పక్కనే. వాళ్ల ఇంట్లో కూడా "మా తాతకు ఒక అక్క ఉండేది, ఏ ఊరికి ఇచ్చారో తెలియదు" అన్న మాట ఒకటి మిగిలి ఉంది. మొన్నటి ఈద్‌కు వాళ్లు మా ఇంటికి వచ్చారు.

ఎక్కడ వెతకాలి?

మొదట ఇంట్లో ఉన్న పెద్దలను అడగండి. కాగితం రేపు కూడా ఉంటుంది, మనిషి ఉండకపోవచ్చు. తాత పేరుతో పాటు నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు, వాళ్ల పుట్టిళ్లు ముందు వ్రాయండి. పాత ఖురాన్ ప్రతుల మొదటి పేజీలు చూడండి, పిల్లల పుట్టిన తేదీలు అక్కడ వ్రాసే అలవాటు ఉండేది. ఆ తర్వాత ఖాజీ గారి సియాహాలు. నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో ఖజాత్ విభాగం ఉంది. తర్వాత బడి రిజిస్టర్లు. భూమి ఉన్నవారికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ దొరుకుతుంది. ఇనాములు ఉన్నవారి ఇళ్లలో ముంతఖబ్ అనే పత్రం ఉంటే దానిని పోనివ్వకండి, వారసుల క్రమం అందులో ఉంటుంది. జనాభా లెక్కల పుస్తకాల్లో మాత్రం వెతకవద్దు, అక్కడ అంకెలే గాని పేర్లు ఉండవు.

పేర్లు నోటికి తగ్గట్టు మారతాయని కూడా గుర్తుంచుకోండి. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీదే ఉంది. ముస్లింలు ఆయనను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. ఆ పేరే మూసారాంబాగ్ అయింది. ఒక సేనాని పేరే ఇంత మారితే మన తాతల పేర్లు ఎన్ని విధాల వ్రాసి ఉంటారో! ఒక రూపంలో దొరకకపోతే ఇంకో రూపంలో చూడాలి.

సొసైటీ వారికి ఒక మనవి. నెలకు ఒక ఆదివారం సభ్యులందరూ తమ ఇంట్లోని పాత కాగితాలు తెచ్చుకునే ఏర్పాటు చేయగలరు. షికస్తా చదవగల పెద్దలు మనలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వారి పక్కన మన పిల్లలు కూర్చుని ఫోనులో ఫోటో తీసి, అర్థం తెలుగులో వ్రాసుకుంటే చాలు. ఖర్చు లేదు, చాయ్ ఖర్చు తప్ప. ఆ పెద్దలు వెళ్లిపోయాక మాత్రం ఎంత ఖర్చు పెట్టినా కాదు.

మా చచ్చా కొడుకు నెల తర్వాత వచ్చాడు. చేతిలో కొత్త డ్రాయింగ్ షీటు ఉంది. "మళ్లీ వ్రాద్దాం భాయ్‌సాబ్, ఈసారి అందరినీ వ్రాద్దాం" అన్నాడు. ఇద్దరం కూర్చుని పై నుండి మొదలుపెట్టాం. పర్‌దాదా పేరు పక్కన సాయీస్ అని వాడే వ్రాశాడు. దాదీ పేరు నేను వ్రాశాను. పర్‌దాదీ పేరు ఉండవలసిన చోట ఒక గీత గీసి వదిలాం. దాని కోసం ఇంకా వెతుకుతున్నాం.